మామయ్యగారి గడ్డం సబ్బు

గడ్డం సబ్బు గురించి ఆడవాళ్లకెందుకమ్మా అని నవ్వుకోకండి. నెలసరుకుల చీటీ రాసేది ఎవరు? మనమే కదా. ఇంట్లో మగవాళ్ల బ్లేళ్లు, తలనూనె, గడ్డం సబ్బు ఎప్పుడు అయిపోవచ్చాయో వాళ్లకన్నా ముందు మనకే తెలుస్తుంది. అలాంటప్పుడు "పాత సరుకు రావడం లేదమ్మా, ఇప్పుడంతా ఇదే" అని దుకాణంవాడు చేతిలో ఇంకేదో పెడితే, ఆ చిక్కు కూడా ముందు మన నెత్తినే పడుతుంది. మా ఇంట్లో అలాగే పడింది.

మా మామయ్యగారికి 84 ఏళ్లు. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసి 1999లో రిటైరయ్యారు. 1963లో ఉద్యోగంలో చేరినప్పుడు మొదలుపెట్టిన గడ్డం సబ్బునే అరవై ఏళ్లు వాడారు. అరచేతిలో ఇమిడే గుండ్రటి బిళ్ల. ఏ కంపెనీదో ఇక్కడ చెప్పను, చెప్పినా ఇప్పుడు ఉపయోగం లేదు. మంగళవారం తప్ప రోజూ గీసుకోవలసిందే. పొద్దున్న ఆరింటికి కిటికీ దగ్గర చిన్న అద్దం, అర చెంబు వేణ్నీళ్లు, బ్రష్షు, సబ్బు గిన్నె, భుజం మీద తువ్వాలు. ఆ పావుగంటా ఎవరూ పలకరించకూడదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ సబ్బు వాసన వస్తే ఆరయిందని లేచేదాన్ని. గడియారం చూడక్కర్లేదు.

ఆ సబ్బు ఆయన ఒక్కసారి కూడా కొనుక్కుని ఎరగరు. అత్తయ్యగారే తెప్పించేవారు. ఆవిడ పద్దు పుస్తకంలో కందిపప్పు, చింతపండు, ఇంగువ తరవాత చివర "గ. స. 1" అని ఉంటుంది. మూడు నెలలకోసారి ఆ మాట కనబడుతుంది. 2021లో అత్తయ్యగారు పోయాక మామయ్యగారిని హైదరాబాదు మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఆయన పెట్టెతోపాటు ఆ పుస్తకమూ వచ్చింది. అప్పటినుంచి ఆ సబ్బు మా చీటీలో చేరింది.

2023 దసరా వెళ్లాక తెచ్చిన డబ్బా చూడటానికి పాతదానిలాగే ఉంది. మూత మీద మాత్రం "కొత్తది, మెరుగైనది" అని అదనంగా రాసుంది. మర్నాడు పొద్దున్న మామయ్యగారు బ్రష్షు గిన్నెలో తిప్పుతూనే ఉన్నారు, నురగ నిలబడటం లేదు. పట్టించిన నిమిషానికే ఆరిపోతోంది. వాసన ఏదో ఆఫీసు బాత్రూములో వచ్చేలాంటిది. గీసుకున్నాక చెంపలు ఎర్రగా కంది, మెడ కింద మంట. నాలుగు రోజులు ఓర్చుకున్నారు. అయిదో రోజు అద్దం తీసి గూట్లో పెట్టేసి, "గడ్డం పెంచుకుంటాలే అమ్మా. ఈ వయసులో నన్నెవరు చూడొచ్చారు" అన్నారు.

పెంచుకుంటే పెంచుకోనీ అని మీకు అనిపించవచ్చు. మావారికీ అలాగే అనిపించింది. కానీ మన ఇళ్లల్లో మగవాళ్ల గడ్డం మాసిందంటే దానికో అర్థం ఉంటుంది కదండీ. అది కార్తీకమాసం. లిఫ్టులో ఎవరో "తాతగారు స్వామి దీక్షలో ఉన్నారా?" అని అడిగారు. ఇంకో ఆవిడ గొంతు తగ్గించి, "మీ ఇంట్లో ఏమైనా మైలా?" అంది. ఆ మాట మామయ్యగారి చెవిన పడింది. అత్తయ్యగారు పోయిన ఆ పది రోజులూ తప్పిస్తే ఆయన్ని మాసిన గడ్డంతో చూసినవాళ్లు లేరు. ఆ సాయంత్రం నుంచి కింద బెంచీ దగ్గరికి వెళ్లడం మానేశారు. ఆ బెంచీ దగ్గరే ఆయన ఈడువాళ్లు నలుగురు చేరి పేపరు చదువుకుంటారు. ఈ ఊళ్లో ఆయనకున్న స్నేహాలు అవే. సబ్బు సంగతి కాస్తా మనిషి సంగతి అయిపోయింది.

ఇంట్లో తలా ఒక ఉపాయం చెప్పారు. మావారు నొక్కితే నురగ వచ్చే డబ్బా తెచ్చారు. చేతిలో పోసుకుని మొహానికి రాసుకోవడమే. మామయ్యగారు ఒక్కసారి వాడి, "దీనికి బ్రష్షుతో పని లేదే!" అన్నారు. అదేదో మెప్పు అనుకున్నారు మావారు. కాదు, ఫిర్యాదు. బ్రష్షు తిప్పడంలోనే ఆయన పొద్దు మొదలవుతుంది. పైగా బ్రష్షుతో రుద్దితే వెంట్రుకలు లేచి నిలబడి తడి బాగా పడుతుంది. మా అబ్బాయి కరెంటు మిషను తెచ్చాడు. వేగంగా అయిపోతుంది, తెగదు, నిజమే. కానీ చెంప నిమురుకుని "గరుగ్గా ఉందిరా" అని తిరిగి ఇచ్చేశారు.

మూడోసారి నేనే ఆయన్ని మా వీధి చివర సెలూన్‌కి తీసుకెళ్లాను. అక్కడ పనిచేసే ఆయన మామయ్యగారి మెడ చూసి, ముందు వేడి తువ్వాలు వేసి, తరవాత నురగ పట్టించి, కత్తి పట్టుకోకుండా నిలబడ్డాడు. "రెండు నిమిషాలు నానాలమ్మా. నానితే సగం పని అయినట్టే. పెద్దవాళ్ల చర్మం పలచన, ఎదురు గీత వెయ్యకూడదు" అన్నాడు. నా ప్రశ్నలకి విసుక్కోకుండా ఇంకో మాట చెప్పాడు. "మీ అపార్టుమెంటుకి బోరు నీళ్లా? ఆ నీళ్లతో ఏ సబ్బు నురగా నిలబడదు. మేము గడ్డానికి క్యాన్ నీళ్లే వాడతాం."

ఇంటికి రాగానే రెండు ఖాళీ సీసాలు తీసుకున్నాను. ఒకదాంట్లో సగం దాకా కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో సగం దాకా వంటింటి ఫిల్టరు నీళ్లు. రెండిట్లోనూ చెరో చిటికెడు సబ్బు తురుము వేసి బాగా కుదిపాను. ఫిల్టరు నీళ్ల సీసాలో మెడ దాకా నురగ వచ్చింది. కుళాయి నీళ్ల సీసాలో పైన కాసిని బుడగలు, కింద పాలు విరిగినట్టు తెల్లటి ముద్దలు. మీ ఇంట్లోనూ చేసి చూడండి, అయిదు నిమిషాల పని. బోరు నీళ్లల్లో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే అవి సబ్బుతో కలిసి ఆ ముద్దలుగా మారతాయి. నురగ కావలసిన సబ్బు అలా వృథా అవుతుంది. బకెట్ల అంచున తెల్లగా పట్టేదీ, తలంటుకున్నాక జుట్టు బిరుసుగా ఉండేదీ దానివల్లే. కాచినా ఆ గుణం పూర్తిగా పోదు. కొంత అడుగున చేరుతుంది, మిగతాది నీళ్లల్లోనే ఉండిపోతుంది. రాజమండ్రిలో ఉన్నన్నాళ్లూ ఆయన గోదావరి నీళ్లతో గీసుకున్నారు. ఇక్కడికి వచ్చాక నురగ కాస్త తగ్గినా పాత సబ్బు నెట్టుకొచ్చింది. కొత్తది నెట్టుకురాలేకపోయింది.

మరి సబ్బుని ఎందుకు మార్చారు? డబ్బా మీదున్న నంబరుకి ఫోను చేశాను. ఫోను ఎత్తిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "ఇది ఇంకా మంచి ఫార్ములా మేడమ్" అంది. పాతది మళ్లీ వస్తుందా అంటే "మీ సూచన నమోదు చేసుకున్నాం" అంది. అంతే. తరవాత మా అబ్బాయిని కూర్చోబెట్టుకుని, అటక మీద దొరికిన పాత డబ్బా, కొత్త డబ్బా పక్కపక్కన పెట్టి పదార్థాల జాబితా చదివించాను. పాతదాంట్లో మొదట్లోనే ఉన్న స్టీరిక్ యాసిడ్ కొత్తదాంట్లో బాగా కిందికి జారింది. పొటాషియం పేరుతో మొదలయ్యేవి కనబడలేదు. బరువు కూడా పది గ్రాములు తగ్గింది.

ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకుంటే మీకు పనికొస్తాయి. ఒంటి సబ్బుని మామూలుగా కాస్టిక్ సోడాతో చేస్తారు. గడ్డం సబ్బులో సోడాతోపాటు పొటాష్ కూడా వాడతారు. సోడా బిళ్లని గట్టిగా ఉంచుతుంది, పొటాష్ సబ్బు నీళ్లల్లో తొందరగా కరిగి మెత్తటి నురగ ఇస్తుంది. స్టీరిక్ యాసిడ్ ఆ నురగని చిక్కగా, చాలాసేపు నిలబడేలా చేస్తుంది. ఒంటి సబ్బు నురగ పెద్ద పెద్ద బుడగలు, ఇట్టే పేలిపోతాయి. గడ్డం నురగ వెన్నలా ఉండి తడిని పట్టి ఉంచాలి. అందుకే గడ్డం సబ్బు అయిపోయిన రోజున ఒంటి సబ్బుతో గీసుకుంటే మండుతుంది.

మార్చడానికి వాళ్ల కారణాలు వాళ్లకి ఉంటాయి. సబ్బుల్లోకి వెళ్లే పామాయిల్ మనకి ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల నుంచి రావాలి. 2022 ఏప్రిల్ ఆఖరున ఇండోనేషియా ఆ ఎగుమతులు కొన్ని వారాలు ఆపేసింది. అప్పుడు వంటనూనె ధరలకి మనమంతా ఎలా బెంబేలెత్తామో మీకు గుర్తుండే ఉంటుంది. సబ్బులు చేసేవాళ్లకీ అదే బెడద. సువాసనల సంగతి ఇంకొకటి. లిలియాల్ అని లిల్లీ ఆఫ్ ది వ్యాలీ పువ్వు వాసన వచ్చే పదార్థం ఒకటి ఎన్నో సబ్బుల్లో, సెంట్లలో ఉండేది. అది ఆరోగ్యానికి మంచిది కాదని ఐరోపా దేశాల్లో 2022 మార్చి 1 నుంచి నిషేధించారు. దాంతో అక్కడ ఎన్నో పాత వాసనలు మారిపోయాయి.

ఇది మన ఒక్కరి బాధే కాదు. జర్మనీలో 1959 నుంచి టబాక్ అనే పేరుతో సబ్బులు, సెంట్లు వస్తున్నాయి. వాళ్ల గడ్డం సబ్బుని ఇదివరకు పశువుల కొవ్వుతో చేసేవారు. గత కొన్నేళ్లలో అది మాని వృక్షసంబంధమైన నూనెలతో చెయ్యడం మొదలుపెట్టారు. అమెరికాలో విలియమ్స్ అనే పాతకాలపు సబ్బుని, మగ్గులో వేసుకుని బ్రష్షుతో తిప్పుకునేదాన్ని, అసలు తయారు చెయ్యడమే మానేశారు. మన దేశంలో 1983లో వనస్పతిలో ఆవుకొవ్వు కలుస్తోందని పెద్ద గొడవైంది. అప్పట్లో మామయ్యగారు కూడా తన సబ్బు దేనితో చేస్తున్నారో అని రెండు రోజులు మథనపడి, దుకాణంవాడు నూనెలతోనే అని ఒట్టేసి చెప్పాక మళ్లీ వాడారట. ఇదంతా ఆయనకి చదివి వినిపించాను. "అయితే జర్మనీలో కూడా ఎవడో ఒకడు అద్దం గూట్లో పెట్టేసి కూర్చునుంటాడన్నమాట" అన్నారు. వారం తరవాత ఆయన మొహంలో నవ్వు చూడటం అదే.

ఇంతలో రాజమండ్రి నుంచి మా ఆడపడుచు ఫోను చేసింది. "వదినా, కోటగుమ్మం దగ్గర పాత కొట్లో నాలుగు బిళ్లలున్నాయి. డబ్బా మీద పాత రాతే" అంది. బస్సు పార్శిల్లో పంపించింది. నాలుగు బిళ్లలంటే ఏడాది. మావారు హమ్మయ్య అన్నారు. నాకు మాత్రం ఏడాది తరవాత మళ్లీ ఇదే గొడవ కదా అనిపించింది. అప్పటికి మామయ్యగారు ఇంకో ఏడాది పెద్దవారవుతారు. కొత్తదాన్ని అలవాటు చేసుకోవడం ఇంకా కష్టమవుతుంది. ఉన్న నాలుగు బిళ్లలూ ఊరికే అరగదియ్యడానికి కాకుండా, కొత్తదానిలోకి మెల్లిగా దింపడానికి వాడుకుందాం అనుకున్నాను. పాలు మాన్పించే పిల్లలకి ఒక్కసారిగా మాన్పించం కదా, ఇదీ అంతే.

ముందు ఇంకో కంపెనీ గడ్డం సబ్బులు రెండు మూడు రకాలు తెచ్చాను. పదార్థాలు చదివి, పొటాషియం, స్టీరిక్ పేర్లు ముందు వరసలో ఉన్నవే తెచ్చాను. ఒక్కోదాని నురగ ముందు ముంజేతి లోపలి వైపు రాసి, కాసేపుంచి కడిగి, ఒక రోజంతా చూశాం. ఒకటి దద్దురు తెచ్చింది, పక్కన పెట్టేశాం. ఒకటి ఒంటికి పడింది, వాసన కూడా మరీ ఘాటు లేదు. దాన్నే ఖాయం చేశాం. ఈ రోజుల్లో బ్లేడు మార్చలేదు, తరవాత రాసుకునే లోషనూ మార్చలేదు. అన్నీ ఒక్కసారి మారిస్తే మంట దేనివల్ల వచ్చిందో తెలియదు.

తరవాత పాత బిళ్లలో కొంత, కొత్తదాంట్లో కొంత తురిమాను. వంటింటి కొబ్బరి తురుము పీటతో కాదులెండి, దీనికి వేరే పాతది తీశాను. మొదటి నెల మూడు వంతులు పాతది, ఒక వంతు కొత్తది. తురుము మీద నాలుగైదు చుక్కల వేణ్నీళ్లు చిలకరించి, చలిమిడి పిండిలా కలిపి, ఆయన పాత గిన్నెలోనే వేళ్లతో అదిమి, రెండు రోజులు నీడలో ఆరనిచ్చాను. గట్టిపడి మామూలు బిళ్లలాగే అయింది. రెండో నెలకి చెరి సగం, మూడో నెలకి పాతది ఒక వంతే. ఇంట్లో మిగిలిపోయే సబ్బు ముక్కలన్నిటినీ ఇలాగే కలిపి అదుముకోవచ్చు, ఒక్క ముక్క వృథా కాదు.

మిగతా పాత బిళ్లల్ని దాచడంలో కూడా కాస్త జాగ్రత్త కావాలి. తడి తగలకుండా కాగితంలో చుట్టి, ఎండ పడని చోట పెట్టాలి. పప్పుల డబ్బాల పక్కన, కాఫీపొడి పక్కన పెట్టారంటే దీని వాసన వాటికీ, వాటి వాసన దీనికీ పడుతుంది. నేను చీరల బీరువాలో పెట్టాను. సబ్బు ఏళ్ల తరబడి పాడవదు కానీ వాసన మాత్రం మెల్లిగా తగ్గిపోతుంది. వాసన కోసమే దాచుకునేవాళ్లు ఆ సంగతి తెలుసుకుని దాచుకోవాలి.

సబ్బు మారింది కాబట్టి మిగతావేవీ మారకుండా చూశాను. అదే గిన్నె, అదే బ్రష్షు, అదే కిటికీ, అదే ఆరు గంటలు. కొత్తగా చేర్చినవి రెండే. వేణ్నీళ్లు ఫిల్టరువి, నురగ పట్టించాక రెండు నిమిషాలు ఆగడం. ఆ రెండు నిమిషాలూ ఏం చెయ్యాలి అన్నారు మామయ్యగారు. రేడియో పెట్టుకోమన్నాను. ఇప్పుడు వార్తల్లో ముఖ్యాంశాలు అయ్యేసరికి గడ్డం నానుతోంది. గీసుకున్నాక పటిక రాసుకోవడం ఆయనకి ముందునుంచీ అలవాటు. చల్లటి నీళ్లతో మొహం కడుక్కుని, తడి మీదే పటిక ఒక్కసారి తిప్పి, నిమిషం ఆగి మళ్లీ కడిగెయ్యమన్నాను. అలా వదిలేస్తే పటిక పెద్దవాళ్ల చర్మాన్ని ఇంకా ఎండబెడుతుంది. తరవాత రెండు చుక్కల కొబ్బరినూనె. మెడ కింద మంట పదిరోజుల్లో తగ్గింది. తగ్గకపోతే చర్మం డాక్టరుకి చూపించేవాళ్లమే. మీరు కూడా మంట, పొక్కులు తగ్గకపోతే ఇంటివైద్యాలతో కాలం గడపకండి.

గడ్డం గీసుకున్న మొదటి రోజు సాయంత్రమే ఆయన బెంచీ దగ్గరికి వెళ్లారు. అక్కడి పెద్దమనుషులు ఏమన్నారో నాకు చెప్పలేదు. పేపరు మాత్రం చంకలో పెట్టుకుని దీపాలు పెట్టాక పైకి వచ్చారు.

నాలుగో నెల వచ్చేసరికి గిన్నెలో ఉన్నది పూర్తిగా కొత్త సబ్బే. ఆయనకి చెప్పకుండా అదిమి పెట్టెయ్యవచ్చు. కానీ అరవై ఏళ్లు ఒకే వాసన ఎరిగిన మనిషికి తెలియకుండా ఉంటుందా? అందుకే ముందు రోజు రాత్రే చెప్పాను. "రేపటినుంచి ఇది మొత్తం కొత్తదే మామయ్యగారూ. పాతవి మూడున్నర బిళ్లలు బీరువాలో ఉన్నాయి, కావాలంటే అడగండి." పొద్దున్న గీసుకుని, తువ్వాలుతో మొహం ఒత్తుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చారు. "బాగానే ఉందమ్మా. నురగ దానికన్నా ఎక్కువే ఉంది" అన్నారు. కాసేపాగి, "మీ అత్తయ్యకి మాత్రం ఈ వాసన తెలీదు" అన్నారు.

నేనేమీ అనలేదు. కాఫీ ఇచ్చాను.

ఆ మాట విన్నాక నాకు అర్థమైంది, ఇన్నాళ్లూ ఆయన పోగొట్టుకున్నానని బాధపడింది సబ్బుని మాత్రమే కాదని. అత్తయ్యగారు దాదాపు అరవై ఏళ్లు మరిచిపోకుండా తెప్పించిన వస్తువు అది. ఆవిడ పోయాక కూడా రోజూ పొద్దున్న ఆయన చేతికి అందుతూ వచ్చింది. దాన్ని ఏ కంపెనీ మళ్లీ తయారు చెయ్యలేదు. మనం చెయ్యగలిగింది గిన్నె, కిటికీ, ఆరు గంటలు చెదరకుండా చూడటమే.

బీరువాలో ఉన్న పాత బిళ్లల్ని ఆయన ఇంతవరకూ అడగలేదు. ఒక్క అత్తయ్యగారి తద్దినం రోజు తరవాత మర్నాడు మాత్రం పొద్దున్న, "ఆ పాత ముక్క కాస్త ఇస్తావా అమ్మాయ్" అన్నారు. చిన్న ముక్క కోసి ఇచ్చాను. అలా ఏడాదికో ముక్క చొప్పున అయితే అవి చాలా కాలమే వస్తాయి.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్లు ఏళ్ల తరబడి వాడుతున్న వస్తువు ఏదో ఒకటి ఉండే ఉంటుంది, సబ్బో, తలనూనో, పళ్లపొడో, నొప్పుల మందో. అది దొరుకుతున్నప్పుడే డబ్బా మీద పదార్థాల జాబితా కత్తిరించి పద్దు పుస్తకంలో అంటించి ఉంచండి. రేపు అది మారినా, మానేసినా దగ్గరగా ఉండేది వెతుక్కోవడానికి అదే ఆధారం. పెద్దవాళ్లు "నాకేం వద్దులే, మానేస్తాలే" అన్నారని వదిలెయ్యకండి. నేను మాత్రం అత్తయ్యగారి పుస్తకంలో ఖాళీగా మిగిలిన పేజీల్లోనే మా నెలసరుకులు రాస్తున్నాను. కందిపప్పు, చింతపండు, ఇంగువ. చివర "గ. స. 1".